తేదీ లేని కాయితం

2006 సెప్టెంబర్ 4, సోమవారం

మహానుభావులు నా నెత్తి మీద పడ్డారు. ఒకరూ ఇద్దరూ కాదు, మూడువందల అరవై అయిదు మంది.

మా అనకాపల్లి బెల్లం కొట్టు ఈశ్వరరావు గారు వచ్చే ఏడాదికి కేలండరు వేయిస్తున్నారు. రోజుకో కాయితం చింపే రకం, రెండు వేల కాపీలు. తిథీ వర్జ్యం ఉంటే చాలదట. ప్రతి కాయితం మీదా ఆ తేదీన పుట్టినవాళ్ళో, పోయినవాళ్ళో, ఏదో ఒకటి సాధించినవాళ్ళో ఒక గొప్ప మనిషి ఉండాలి. కింద "మనం నేర్చుకోవలసింది" అని ఒక ముక్క. జనం పొద్దున్నే లేచి కాయితం చింపి స్ఫూర్తి పొందుతారన్నమాట.

"ఎవరు రాస్తారు సార్ ఇవన్నీ?" అన్నాను.

మా ప్రెస్సు ఓనరు త్రినాధరావు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "నీకు చదువు పిచ్చి కదమ్మా పద్మా" అన్నారు.

ఇంటర్ తప్పినప్పుడు ఇదే పిచ్చిని చూసి ఇంట్లో అందరూ నవ్వేరు. ఇప్పుడు దానికి గిరాకీ వచ్చింది. శుభలేఖలు నేనే టైపు చెయ్యాలి, దినకార్యం కార్డులు నేనే చెయ్యాలి, ప్రూఫు నేనే చూడాలి. ఇక మహానుభావుల్ని కూడా నేనే కనాలి.

ఆఖరి కాయితం మీద "సంకలనం: పద్మకుమారి" అని వేస్తారట. వేస్తే వేసుకోమను. నాకేం అక్కర్లేదు.

సెప్టెంబర్ 6

పేరు ఇంటిపేరుతో వెయ్యాలా, ఉత్తిదే వెయ్యాలా?

సెప్టెంబర్ 11

లైబ్రరీలో నాలుగు రోజుల నుంచి కూర్చుంటున్నాను. మధ్యాహ్నం భోజనం మానేసి. అక్కడి ఫ్యాను తిరగదు, బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు.

గొప్పవాళ్ళందరూ తెల్లారుజామున నాలుక్కి లేచేరు. మా అమ్మా నాలుక్కే లేస్తుంది, నీళ్ళ కోసం. ఆవిణ్ణి ఎవరూ పుస్తకంలో వెయ్యలేదు. ఇప్పటికి తొమ్మిది మంది వీధిదీపం కింద చదువుకున్నారు. మా వీధిదీపం కింద కూర్చోమనండి, సూద్దాం. ఇంట్లో కరెంటు పోతే అదీ పోతుంది.

"మనం నేర్చుకోవలసింది" దగ్గర చెయ్యి ఆడటం లేదు. పట్టుదల, క్రమశిక్షణ, వినయం. ఈ మూడే తిప్పి తిప్పి వేస్తున్నాను. ఇవాళ వినయం ఏడుసార్లు వేసేను, పళ్ళు కొరుకుతూ.

ఒక్కడు నచ్చేడు. మూడుసార్లు పరీక్ష తప్పి, నాలుగోసారి వెళ్ళకుండా పడుకున్నాడట. వాడొక్కడే మనిషిలా ఉన్నాడు. ఆ ముక్క రాస్తే ఓనరు కొట్టేసేరు. "పడుకోవడం స్ఫూర్తి కాదమ్మా" అని.

సెప్టెంబర్ 19

మార్చి తొమ్మిదికి ఎవరూ దొరకలేదు.

సెప్టెంబర్ 28

ఇవాళ మిషను దగ్గర బాబ్జీ లెక్క చెప్పేడు. మా ప్రెస్సులో అచ్చు వేసేది అతనే. చేతులకి ఎప్పుడూ నల్ల ఇంకు, నోట్లో ఎప్పుడూ ఎవరో ఒకరి మీద వెటకారం.

"పెద్ద కాయితం మీద ఎనిమిది రోజులు పడతాయి చెల్లీ. నలభై అయిదు ప్లేట్లకి మూడువందల అరవై. నలభై ఆరో ప్లేటు మీద అయిదు రోజులు. మూడు గళ్ళు కాళీ."

"ఖాళీ ఎందుకొదలడం?"

"కొట్టు ప్రకటన ఒకటి. పండగల పట్టీ ఒకటి. మూడోది నీ పేరట కదేటి. గొప్పదానివైపోతన్నావు. రేపట్నుంచి టీ నేనే తేవాలా ఏటి?"

"తే" అన్నాను.

తేలేదు.

అక్టోబర్ 5

ఈశ్వరరావు గారు స్వయంగా వచ్చేరు. తెల్ల చొక్కా జేబులోంచి మడత కాయితం తీసి నా టేబుల్ మీద పెట్టేరు. మే 11, వాళ్ళ నాన్న సన్యాసిరావు గారి జయంతి.

అందులో ఇలా ఉంది: "కూలీల దాహం చూసి చలించి, కొట్టు ఆవరణలో మంచినీళ్ళ కుళాయి వేయించిన కరుణామయుడు. మనం నేర్చుకోవలసింది: అడగకముందే ఇవ్వడం గొప్పవారి లక్షణం."

నాకు ఒళ్ళు మండింది. ఆ కుళాయి గురించి నేను పుట్టినప్పట్నుంచి వింటున్నాను. దాన్ని తెప్పించింది మా మామ్మ దేముడమ్మ. నాన్నని కన్న తల్లి. అప్పట్లో ఆ కొట్లోనే బెల్లం తట్టలు మోసేది. నలుగురు ఆడవాళ్ళని కూడగట్టి, పని ఆపించి, నీళ్ళు తెప్పించింది. మా అమ్మ కొండలమ్మ అత్తగారితో రోజూ పోట్లాడుతుంది గానీ, ఆ ఒక్క కథ మాత్రం ఎవరింటికెళ్ళినా చెప్తుంది.

ఆయన వెళ్ళేక ఓనరుతో అన్నాను. "ఇది అబద్ధం సార్. అడగకముందు కాదు. అడిగితే కూడా ఇవ్వలేదు. కూర్చుంటే ఇచ్చేరు."

"డబ్బిచ్చే మనిషి వాళ్ళ నాన్న గురించి రాసుకున్నాడమ్మా. నీకేటి?"

"కింద నా పేరుంటుంది కదా."

ఓనరు నవ్వేరు. "మూడువందల అరవై నాలుగు నిజాలు రాసేవు కదా. ఒకటి సర్దుకో."

మిగతా మూడువందల అరవై నాలుగూ నిజాలని ఈయనకెవరు చెప్పేరో!

అక్టోబర్ 8, ఆదివారం

మామ్మని అడిగేను. ఎప్పుడు జరిగింది, తేదీ కావాలి, నీది కూడా ఒక కాయితం వేస్తాను, సన్యాసిరావు కాయితం పక్కన పెడతాను అని.

"ఏటీ వద్దు. పోయి పని సూసుకో" అంది.

వినయం అనుకున్నాను. నెల రోజులుగా వినయం గురించి రాసి రాసి నాకలాగే కనిపిస్తోంది అన్నీ.

అక్టోబర్ 15, ఆదివారం

బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది మామ్మ. అమ్మ ఇంట్లో లేదు. నేను మళ్ళీ పట్టుకున్నాను. విసిగిపోయి చెప్పింది. చెప్పేక నేనే ఎందుకడిగేనా అనుకున్నాను.

కొట్లో ఆడవాళ్ళకి నీళ్ళు రోజుకి రెండుసార్లే. గుమస్తా పైనుంచి చెంబుతో పోస్తే దోసిలి పట్టాలి. దోసిలి దించితే అయిపోయినట్టే. అలాంటి రోజుల్లో ఒకనాడు అయిదుగురు వెళ్ళి కాటా మీద కూర్చున్నారు. బెల్లం తూచే పెద్ద కాటా. దాని మీద మనిషి కూర్చుంటే తూకం లేదు. తూకం లేకపోతే కొట్లో ఏ పనీ కదలదు.

"ముందు ఎవరు కూర్చున్నారు? నువ్వే కదా?"

"బుల్లమ్మ" అంది.

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.

"బుల్లమ్మ కూకుంది. దాన్ని సూసి మేం కూకున్నాం. మద్దేనానికి సన్యాసిరావు వచ్చేడు. ముందు లెగిసినదానికి రేపట్నుంచి నీడ పని, జల్లెడ పట్టుకోవచ్చు, తట్ట మొయ్యక్కర్లేదు అన్నాడు." మామ్మ చేటలోంచి తల ఎత్తలేదు. "నేను లెగిసేను."

చేటలోంచి ఒక రాయి తీసి పారేసింది.

"మీ నాన్న సంక బిడ్డ. మిట్ట మద్దేనం ఎండలో వాణ్ణి గోనె మీద పడుకోబెట్టి తట్టలు మోసేదాన్ని. నేను లెగిస్తే మిగతా ముగ్గురూ లెగిసేరు. బుల్లమ్మ దీపాలెట్టే దాకా అక్కడే ఉంది. నాలుగోనాడు కుళాయెట్టేరు. దాన్ని పనిలోకి రావొద్దన్నారు."

నీడ పని మామ్మ పాతికేళ్ళు చేసింది. నాన్నని పెంచింది దాంతోనే. ఈ ఇంటి గోడలు లేచింది దాంతోనే.

"బుల్లమ్మ ఏమైంది?"

"పాయకరావుపేట ఎలిపోయిందన్నారు. అన్నగారింటికి."

"ఏ తేదీ అది?"

"మామిడికాయల రోజులు" అంది. "మాకు తేదీలేటే?"

సన్యాసిరావు గారికి పుట్టిన తేదీ ఉంది, పోయిన తేదీ ఉంది. తేదీ ఉన్నవాడికే కాయితం దొరుకుతుంది. మామ్మకి ఎప్పుడు పుట్టిందో తెలీదు. ఆవిడకి వయసు వేసింది రేషను కార్డువాడు.

అక్టోబర్ 16

మామ్మతో మాట్లాడలేదు.

అక్టోబర్ 17

మాట్లాడలేదు. ఆవిడే నా కంచంలో చేప తల వేసింది. తినేను. మాట్లాడలేదు.

అక్టోబర్ 24

ఎప్పుడో నలభై అయిదేళ్ళ కిందటి సంగతి. నాకెందుకు? మే 11 టైపు చేసేసేను, ఆయన ఎలా రాసిచ్చేడో అలాగే. కామా కూడా మార్చలేదు.

నా పేరు కాయితం మాత్రం రెండు గంటలు చేసేను. చుట్టూ పువ్వుల బోర్డరు. పెద్ద అక్షరాలు. స్క్రీన్ మీద నా పేరు చూస్తే ఎవరిదో అనిపించింది. బాగుంది. పదో తరగతి మార్కుల లిస్టు మీద తప్ప ఎక్కడా నా పేరు అచ్చవలేదు. ఇది రెండు వేల ఇళ్ళల్లో ఉంటుంది, ఏడాది ఆఖర్న. ఎవరు చూస్తారంటే, ఎవరో ఒకరు చూస్తారు.

అక్టోబర్ 25

పువ్వుల బోర్డరు తీసేసేను. చవకగా ఉంది.

అక్టోబర్ 27

మళ్ళీ పెట్టేను.

నవంబర్ 7, మంగళవారం

పొద్దున్న ఆగస్టు ప్రూఫు చూస్తున్నాను. ఎవరో మహానుభావుడు తన పేరు కంటే తన పని ముఖ్యం అన్నాడని నేనే రాసేను. అలా ఎవరూ అనలేదు. ఆ రోజుకి మాట దొరక్క నేనే పుట్టించేను. నా మాట నాకే తగులుకుంది. దరిద్రం.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళేక నా పేరు కాయితం తెరిచి మొత్తం కొట్టేసేను. ఆ గడిలో ఇది టైపు చేసేను:

"ఈ రోజుకి తేదీ లేదు. మామిడికాయల కాలం. ఈ ఊళ్ళో సన్యాసిరావు గారి బెల్లం కొట్లో తట్టలు మోసే అయిదుగురు ఆడవాళ్ళు మంచినీళ్ళు అడిగి కాటా మీద కూర్చున్నారు. నలుగురు మధ్యాహ్నానికి లేచిపోయారు. బుల్లమ్మ దీపాలు పెట్టే దాకా లేవలేదు. నాలుగో నాడు కుళాయి పెట్టారు. బుల్లమ్మని పనిలోంచి తీసేశారు. మనం నేర్చుకోవలసింది:"

ఆ తర్వాత ఏం రాయాలో తెలీలేదు. పట్టుదలా? వినయమా? ఖాళీ వదిలేసేను.

నాకేదో గొప్పగా అనిపిస్తుందనుకున్నాను. ఏడుపొచ్చింది. పేరు పోయిందని.

సాయంత్రం మామ్మకి చదివి వినిపించేను. నలుగురు అన్న చోట ఆపింది.

"నలుగురేటి? అందరూ ఒకేసారి లెగిసినట్టు రాసేవు. ముందు లెగిసింది దేముడమ్మ అనెయ్యి."

"వద్దు మామ్మా."

"బుల్లమ్మ పేరేసి నా పేరు దాత్తావేటి? ఎయ్యి."

అమ్మ వంటగదిలోంచి గరిటతో వచ్చేసింది. "నీకు మతి పోయిందా అత్తా? ఊరంతా నవ్వుతాది! ఆ కుళాయి మా అత్త తెప్పించిందని నేను ఎంతమందికి చెప్పుకున్నాను!"

"నేను సెప్పమన్నానా?" అంది మామ్మ. "నువ్వు సెప్పుకున్నావు, నేను ఊరుకున్నాను. అంతే కదేటి."

అమ్మ ఆ గరిట నా వైపు తిప్పింది. "అంతా నీ వల్లే. చదువంట, చరిత్రంట."

నవంబర్ 8

వేసేను. "ముందు లేచింది దేముడమ్మ."

నవంబర్ 14

బాబ్జీ ప్లేటు కట్టబోతూ వెలుతుర్లో పెట్టి చదివేడు. అతను ఏదీ చదవడనుకున్నాను.

"ఏటి చెల్లీ, దీనికి తేదీ లేదేటి?"

"ఉండదు."

"తేదీ లేని రోజు హాజరు వెయ్యడు మన ఓనరు." ఇంకోసారి చదివి, "దేముడమ్మంటే మీ మామ్మే కదా?" అన్నాడు.

"అవును."

"ఓనరు చూసేడా?"

"లేదు."

మిషను ఆన్ చేసేడు. ఆ చప్పుడులో ఏదో అన్నాడు, వినపడలేదు. టీ గ్లాసు ఒకటి నా టేబుల్ మీదకి వచ్చింది మాత్రం నిజం.

నవంబర్ 29

కాయితాలు వరస పేర్చి పిన్నులు కొట్టే పని జరుగుతోంది. ఆ తేదీ లేనిదాన్ని ఎక్కడ పెట్టాలన్నది నా ఇష్టం. డిసెంబరు ఆఖర్న పెట్టొచ్చు. నేను మే 11 వెనకాల పెట్టించేను. మామిడికాయల కాలం అదే కదా. మర్నాడు పొద్దున్న సన్యాసిరావు గారిని చింపితే బుల్లమ్మ ఉంటుంది. ఓనరు అడిగితే అప్పటి సంగతి అప్పుడు. మే దాకా ఎవరు చూస్తారు?

డిసెంబర్ 18

రెండు వేలూ అయిపోయేయి. పదమూడువందల అరవై ఇప్పటికే ఈశ్వరరావు గారు పంచేసేరట. మిగతా ఆరువందల నలభై మా ప్రెస్సులోనే కట్టలు కట్టి ఉన్నాయి, కొట్లో చోటు లేదని.

డిసెంబర్ 23, శనివారం

నా అంత తెలివితక్కువది లేదు.

ఈశ్వరరావు గారు కేలండరు ఎవరికిచ్చినా ముందు ఏం చేస్తారు? ముందు మే 11 తీసి వాళ్ళ నాన్నని చూపిస్తారు! నాకు తట్టలేదు. మూడు నెలలు మహానుభావుల గురించి రాసేను, కొడుకనేవాడు ఏం చేస్తాడో తట్టలేదు. నిన్న ఎవరో పెద్దమనిషి ఆ కాయితం ఎత్తి వెనకాలది చదివి, "ఇదేటి బావా, మీ కుళాయి కథేనా ఇదీ?" అన్నాడట.

పొద్దున్న పదింటికల్లా ప్రెస్సులో ఉన్నారు. కేకలు వేస్తారనుకున్నాను. వెయ్యలేదు. కుర్చీలో కూర్చుని నన్నే చూసేరు.

"మా నాన్న దేవుడని నేననను. కానీ కుళాయి వేసింది ఆయనే కదా?"

"వేసేరండి. అడగకముందు కాదు."

"నువ్వు చూసేవా?"

"మీరు చూసేరా?"

ఓనరు "పద్మా!" అన్నారు. ఈశ్వరరావు గారు లేచి, "మిగిలినవాటిలో చింపించండి" అని వెళ్ళిపోయేరు. పంచేసినవాటిని ఏం చేస్తారని ఎవరూ అడగలేదు. ఇంటింటికీ వెళ్ళి చింపుకోలేరు.

ఆరువందల నలభై నేనే చింపేను. నా చేత్తోనే. ఒక్కొక్కటీ మే 11 ఎత్తి, వెనకాలది లాగి. సాయంత్రం అయ్యేసరికి బొటనవేలు కోసుకుపోయింది. బాబ్జీ కూడా పక్కన కూర్చుని చింపుతానంటే వద్దన్నాను. అతనికి ఇద్దరు పిల్లలు.

ఓనరు ఆఖరికి తలుపు దగ్గర నిలబడి, "పేరు వేసుకోమంటే వేసుకోలేకపోయేవా! దాని బదులు ఇదేటమ్మా!" అన్నారు. నిజంగా బాధపడుతున్నట్టే ఉంది. "సోమవారం నుంచి రావద్దు."

చింపిన కాయితాలు పొట్లం కట్టి తెచ్చుకున్నాను. చెత్తలో వెయ్యమన్నారు. ఎందుకేస్తాను?

డిసెంబర్ 27

ఉద్యోగం లేదు. అమ్మ మాట్లాడటం లేదు. మామ్మ మాత్రం పొద్దున్నుంచీ ఒకటే పాట. "పాయకరావుపేట బస్సు ఎన్నింటికి?"

"ఆవిడ ఉందో లేదో కూడా తెలీదు మామ్మా."

"లేకపోతే తిరిగొచ్చేద్దాం. నీకేటి పని, కాళీగానే ఉన్నావు కదా."

డిసెంబర్ 31, ఆదివారం

ఉంది.

హైవే పక్కన బస్సులు ఆగే చోట ఉడకబెట్టిన తేగలు అమ్ముతోంది. ముగ్గుర్ని అడిగితే నాలుగోవాడు చూపించేడు. సన్నగా, పొడుగ్గా, ఒక కంటికి పొర. నాకు తెలిసిన మహానుభావులెవరిలాగా లేదు.

మామ్మ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఎన్ని కట్టలు?" అంది బుల్లమ్మ.

"నేనే. దేముడమ్మని."

బుల్లమ్మ చాలాసేపు చూసింది. "ఏటే, ఇంత నల్లగైపోయేవు? నీడన కూకున్నదానివి" అంది.

మామ్మ గోనె మీద ఆమె పక్కన కూర్చుంది. నేను పొట్లం విప్పి కాయితం తీసి చదివేను. లారీలు పోతుంటే గట్టిగా చదవాల్సొచ్చింది. బుల్లమ్మ తేగ వలుస్తూనే వింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"సగమే రాసేవు" అంది. "ఆరోనాడు నేను మళ్ళా ఎల్లేను. కాళ్ళ మీద పడ్డాను ఆ సన్యాసిరావు కాళ్ళ మీద. పని ఇమ్మని. తన్నలేదు గానీ ఎనక్కి లాక్కున్నాడు కాళ్ళు. అది రాయలేదేటి?"

మామ్మ, "నాకు తెలీదే అది" అంది.

"నీకెలా తెలుత్తాది? తలొంచుకుని జల్లెడ పడతన్నావు."

ఒక బస్సు వచ్చి ఆగింది. బుల్లమ్మ లేచి రెండు కట్టలు అమ్మి వచ్చి కూర్చుంది. అప్పుడు మామ్మ అంది.

"తలెత్తేను. సూసేను."

"మరి తెలీదన్నావేటి?"

"నలభై అయిదేళ్ళ నుంచీ అదే అంటన్నాను."

ఇద్దరూ నవ్వుతారేమో, ఏడుస్తారేమో, కనీసం తిట్టుకుంటారేమో అని చూసేను. ఏమీ లేదు. బుల్లమ్మ ఒక తేగ విరిచి పెద్ద ముక్క తను ఉంచుకుని చిన్న ముక్క మామ్మకిచ్చింది. మామ్మ పళ్ళు లేని నోటితో దాన్ని నములుతూ కూర్చుంది.

తర్వాత బుల్లమ్మ నా వైపు తిరిగింది. "ఏయ్ పిల్లా. అది కూడా అచ్చెయ్యి. నేను కాళ్ళట్టుకున్నానని. ఇది సూసిందని. రాత్తే మొత్తం రాయాలి, లేపోతే మానెయ్యాలి."

"ప్రెస్సు లేదండి. ఉద్యోగం పోయింది. దీని వల్లే పోయింది."

"సెయ్యి ఉంది కదా?"

ఇంత కోపం ఎప్పుడూ రాలేదు నాకు. ఆరువందల నలభై! పేరు పోయింది, పని పోయింది, ఇంట్లో అమ్మ మొహం చూడలేకపోతున్నాను, ఇప్పుడు ఈవిడకి రెండో ముద్రణ కావాలి! అడిగే ముందు ఒక్కమాట బాగా రాసేవని కూడా అనలేదు.

పెన్ను తీసేను. ఒక కాయితం తిప్పి మోకాలి మీద పెట్టుకున్నాను. వెనకంతా తెల్లగా ఉంది. "ఆరో నాడు బుల్లమ్మ మళ్ళీ వెళ్ళి కాళ్ళు పట్టుకుంది. దేముడమ్మ చూసింది." అంతే. నేర్చుకోవలసింది ఏమీ రాయలేదు.

"సదువు" అంది బుల్లమ్మ. చదివేను. "ఆఁ" అంది. "ఇంకోటి రాయి."

అనకాపల్లి బస్సు వచ్చేసరికి పదకొండు కాయితాలు అయ్యేయి. వాటిని ఆవిడకే ఇచ్చేసేను. తేగల కట్టలకి చుట్టి ఇస్తానంది. బస్సులో కుదుపులకి రాత కుదరక ఆపేసేను. ఇంకా ఆరువందల ఇరవై తొమ్మిది ఉన్నాయి.